పుస్తకాలకు తగిన ఇల్లు

స్వాఫమ్, నార్ఫోక్
1783 ఫిబ్రవరి 9

అంబ్రోస్ గారికి,

శుభవార్త. లిటిల్ ఓర్బీ పాదిరీగారికి దగ్గు మళ్ళీ తిరగబెట్టింది. పోయిన ఆదివారం ప్రసంగం మధ్యలో పీఠం పట్టుకుని అలాగే కూలబడ్డారట. వాళ్ళ పనిమనిషి మా అన్నయ్య మందుల దుకాణానికి వచ్చి వారంలో మూడో సీసా పట్టుకెళ్ళింది. నేనే బిరడా బిగించి ఇచ్చాను.

"ఎలా ఉన్నారు అయ్యగారు?" అని అడిగాను.

"ఏం చెప్పమంటారమ్మా, మంచంలో ఎముకల మూటలా ఉన్నారు. ఇవాళో రేపో" అంది.

నాకు అక్కడే గంతు వేయాలనిపించింది. చర్చికి పెట్టుకెళ్ళే ముఖం ఒకటి తగిలించుకుని "అయ్యో పాపం" అన్నాను. చూశారా, నన్ను ఎలాంటి మనిషిని చేసిపెట్టారో!

నిన్న వదిన చెల్లెలు వచ్చింది. "ఆయన నిన్ను చేసుకోడా, వదిలేశాడా? ఏదో ఒకటి తేలదేం?" అని మొహం మీదే అడిగింది. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. కేంబ్రిడ్జి కాలేజీలో ఫెలోగా, అంటే వాళ్ళు పోషించే పండితుడిగా, ఉన్నవాడు పెళ్ళి చేసుకోకూడదనీ, చేసుకుంటే గదులూ, భోజనం, అన్నీ పోతాయనీ, కాలేజీ చేతిలో పదకొండు పల్లె చర్చిలు ఉన్నాయనీ, ఏ చర్చి పాదిరీ పోతే ఆ చోటు ఫెలోల్లో వరసలో ముందున్నవాడికి ఇస్తారనీ, అప్పుడే పెళ్ళనీ. అంతా విని ఆవిడ, "అంటే నువ్వు పంతొమ్మిదేళ్ళుగా ముసలాళ్ళు చావాలని ప్రార్థన చేస్తున్నావన్నమాట" అంది. వదిన పగలబడి నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది గాని, ఆవిడ చెప్పిందాంట్లో తప్పేముంది?

మీ పుస్తకాలు క్షేమం. ఇరవై రెండు పెట్టెలూ నా గదిలోనే. మంచానికీ గోడకీ మధ్య పక్కకి తిరిగి నడుస్తున్నాను. వదిన, "నువ్వు కాపురం పెట్టింది పుస్తకాలతో. ఇంకో మొగుడెందుకే నీకు?" అంటుంది. అననివ్వండి. ఇంకెన్నాళ్ళు!

మీ
డోర్కస్ వేల్


కేంబ్రిడ్జి
1783 ఫిబ్రవరి 20

డోర్కస్,

నీ ఉత్తరంలో ఉత్సాహం కాస్త ఎక్కువైంది. ఒక వృద్ధుడి దగ్గు గురించి అలా రాయడం నీ వయసు స్త్రీకి శోభించదు. పాతికేళ్ళ పిల్ల రాస్తే చిలిపితనం అనుకుంటారు. నలభై ఒకటిలో దాన్ని వేరే పేరుతో పిలుస్తారు.

పెట్టెల సంగతి. నెలకొకసారి ప్రతి పుస్తకాన్నీ బయటికి తీసి తిప్పి పెట్టు. మంట ఉన్న గదిలో పెట్టు, మంట దగ్గర పెట్టకు. తాకేముందు చేతులు కడుక్కో, తుడుచుకో, మళ్ళీ తుడుచుకో. పోయినసారి పంపిన చిన్న సంపుటం అట్ట మీద బొటనవేలి గుర్తు ఉంది. మీ అన్న దుకాణంలో నూనెలు కలిపిన చేతులతో పుస్తకాలు పట్టుకుంటున్నావని నాకు తెలియదనుకోకు.

ముఖ్యంగా ఆ మూడు పెద్ద సంపుటాలు, బాజెల్‌లో అచ్చయినవి. వాటి అంచుల్లో నా ఇరవై ఏళ్ళ రాత ఉంది. పదిహేను వందల ఏళ్ళుగా నకలు రాసినవాళ్ళు పాడుచేసిన గ్రీకు నాటకాల పంక్తుల్ని ఒక్కొక్కటే నేను సరిచేసుకుంటూ వచ్చాను. ఐరోపాలో ఎవరి దగ్గరా లేదు అలాంటిది. అవి నీ దగ్గర ఎందుకున్నాయో గుర్తుందిగా? మా మెట్లకు ఎదురు గదిలో ఉన్న క్రంప్ వల్లే. మొన్న నేను భోజనానికి దిగిన సమయంలో నా బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. "కత్తి అరువడుగుదామని వచ్చాను కెర్బీ" అన్నాడు. కత్తి కోసం వచ్చినవాడు నా కాగితాలు ఎందుకు తిరగేశాడట? అదే నాటకాల మీద వాడు కూడా పని చేస్తున్నాడు, కాకపోతే వాడికి బుర్ర లేదు. నా అంచులు ఒక్క వారం వాడి చేతిలో పడితే వచ్చే ఏడు వాడి పేరుతో అచ్చవుతాయి.

ముద్రణాలయం వాళ్ళు ఒప్పుకున్నారు. ఈ శరత్తులో అచ్చు మొదలు. అప్పుడు ఆ మూడూ తెప్పించుకుంటాను. అంతవరకూ ఎవరికీ చూపించకు, నువ్వూ తెరవకు. నీకు ఎలాగూ అర్థం కాదు.

అంబ్రోస్ కెర్బీ


స్వాఫమ్
1783 ఏప్రిల్ 3

అంబ్రోస్ గారికి,

పోయారు! మంగళవారం మధ్యాహ్నం. నిద్రలోనే, బాధ లేకుండా. నిజంగా మంచాయన. ఆయన ఆత్మకు శాంతి కలగాలని మనస్ఫూర్తిగా కోరుకున్నాను, ఇప్పుడు కోరుకుంటే నాకేం పోయింది కనుక!

మీరు తిడతారని తెలిసే చెబుతున్నాను. మందుల బండిలో కూచుని అంత్యక్రియలకి వెళ్ళాను. అంతా అయ్యాక ఇల్లు చూపించమని పనిమనిషిని అడిగాను. ఆవిడ నన్ను పైకీ కిందికీ చూసి, "ఓహో, ఆ కేంబ్రిడ్జి అమ్మాయివి నువ్వేనా" అంది. నలభై ఒకటిలో నన్ను అమ్మాయి అంది, అంబ్రోస్ గారూ! ఆవిడని పనిలో ఉంచుకుందాం.

దక్షిణం వైపు మూడు కిటికీలు. గోడలకి చెయ్యి ఆనించి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. హాలు పొడవు మీ పెట్టెలకి చాలుతుందో లేదోనని జానలు వేసి కొలిచాను. ముప్ఫై ఒక్క జాన. వంటింటి వెనక రేగుపండ్లలాంటి చిన్న చిన్న ఆపిల్స్ కాసే చెట్టు ఒకటుంది. పడకగది చిన్నదే, మంచం పడుతుంది. పెట్టెల మధ్య కాకుండా మామూలుగా మంచం పక్కన నడవొచ్చు.

ఇంటికొచ్చి వదినతో, "ఇక నీ పిల్లల గౌన్లు నువ్వే కుట్టుకోవాలి" అన్నాను. ఆవిడ సూది వేలికి గుచ్చుకుంది. ఈ ఇంట్లో పంతొమ్మిదేళ్ళు వండి, ఉతికి, కుట్టి, మందులు నూరి, ఒక్కసారి కూడా నా కంచం ముందు నేను ముందుగా కూచోలేదు. ఆ మాట అంటుంటే ఎంత హాయిగా ఉందో మీకెలా చెప్పను?

కాలేజీ వాళ్ళు ఎప్పుడు పిలుస్తారు? వెంటనే రాయండి.

మీ
డోర్కస్


కేంబ్రిడ్జి
1783 ఏప్రిల్ 29

డోర్కస్,

నీకు నిరాశ కలిగించే వార్త. లిటిల్ ఓర్బీ మనకి రాలేదు. నాకంటే పై వరసలో ఉన్న హాల్‌స్టన్ తీసుకున్నాడు. ఆయన తీసుకోడనే అనుకున్నాం. కాని వయసు మీద పడేసరికి పల్లె గాలి కావాలనిపించిందట. చేసేదేముంది, వరస అంటే వరస. ఓర్పు పట్టు. ఇంకా పది చర్చిలు ఉన్నాయి.

గౌన్ల గురించి మీ వదినతో అలా అనకుండా ఉండాల్సింది. ఇప్పుడు నువ్వే సర్దుకోవాలి.

అచ్చు పని సెప్టెంబరు చివర మొదలుపెడతామన్నారు. ఆ మూడు సంపుటాలూ వేసవిలోనే కావాలి. నూనెగుడ్డలో చుట్టి, కొత్త పెట్టెలో, నమ్మకమైన బండివాడి చేతికి ఇచ్చి పంపు.

అంబ్రోస్ కెర్బీ


స్వాఫమ్
1783 జూన్ 17

అంబ్రోస్,

గారూ లేదు, గీరూ లేదు. ఇవాళ్టి నుంచి నువ్వే.

నిన్న దుకాణంలో నేనొక్కదాన్నే ఉన్నాను. నల్లకోటు వేసుకున్న ఒకాయన వచ్చాడు. నలభై దాటి ఉండవు, అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు, పసుపుపచ్చ ముఖం, వణుకుతున్న చేతులు. చలిజ్వరానికి బెరడుపొడి కావాలన్నాడు. తూచి ఇస్తుంటే, "మీరు మిస్ వేల్ కదూ? కెర్బీకి కాబోయే..." అని ఆగిపోయాడు. తాను హంఫ్రీ డేల్‌నని చెప్పాడు. పన్నెండేళ్ళ క్రితం మీ కాలేజీ నుంచి ఫెన్‌స్టో చర్చికి వెళ్ళినవాడు.

"మీకు ఎప్పుడో థాంక్స్ చెప్పుకోవాల్సింది" అన్నాడు. "తర్వాత్తర్వాత, తిట్టుకోవాల్సింది అనిపించింది."

"నాకెందుకు థాంక్స్?" అన్నాను.

"కెర్బీ వద్దనబట్టేగా నాకు ఫెన్‌స్టో వచ్చింది. నేను వరసలో వాడి కింద. నాకప్పుడే పెళ్ళి తొందర. వాడు ఇల్లు చూడ్డానికి వెళ్ళి, గోడకి ముక్కు ఆనించి, 'తేమ ఉంది, నా పుస్తకాలు బతకవు' అని తిరిగొచ్చాడు. మేం వారం రోజులు నవ్వుకున్నాం. మీకు తెలుసనుకున్నానే!"

త్రాసు బల్ల మీద పెట్టేశాను. "కొంబ్‌లీ చర్చి సంగతి?" అని అడిగాను, ఆరేళ్ళ క్రితం వరసలో పైవాడికి పోయిందని నువ్వు చెప్పినది.

"అదీ వాడికే ముందు వచ్చింది. గదులు చిన్నవి, ఆరువందల పుస్తకాలు బయట వదిలేయాల్సి వస్తుందని మానుకున్నాడు."

"మొన్నటి లిటిల్ ఓర్బీ? హాల్‌స్టన్ ఈయనకంటే పెద్ద కదా?"

ఆయన నా ముఖం చూసి చెప్పాలా వద్దా అని నసిగాడు. "హాల్‌స్టన్ నాకంటే కూడా చిన్నవాడమ్మా. కెర్బీ ఇల్లు చూసి వచ్చి, పైకప్పు గడ్డిది, నిప్పురవ్వ పడితే పుస్తకాలు బూడిదవుతాయన్నాడట."

గడ్డికప్పు! ఛీ! నేను జానలతో కొలిచిన ఇల్లు! నీకు హాలు పొడవు రాసి పంపానే! "ఓర్పు పట్టు" అని నాకు నీతులు చెబుతూ రాసిన ఆ చెయ్యి పడిపోనూ!

మూడు ఇళ్ళు, అంబ్రోస్. ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు ఒకటి, ముప్ఫై అయిదులో ఒకటి, ఇప్పుడొకటి. మొదటిదానికి వెళ్ళి ఉంటే ఈపాటికి నాకు పదకొండేళ్ళ బిడ్డ ఉండేది. ఏ పాదిరీకి ఏ జబ్బో రాసి నీకు పంపుతుంటే, చదువుకుని నవ్వుకునేవాడివా? నన్ను వద్దనుకుంటే ఒక్క మాట చెప్పేస్తే పోయేదిగా. మొదట్లోనే చెబితే స్వాఫమ్‌లో నన్ను చేసుకునేవాడు ఒక్కడైనా దొరక్కపోయేవాడా? ఎందుకు చెప్పలేదు? ఎందుకంటే ఇరవై రెండు పెట్టెలు పెట్టుకోవడానికి ఊరికే దొరికే గది ఇంకెక్కడుంది!

జవాబు రాయి. అబద్ధం రాస్తే నాకు తెలుస్తుంది.

డోర్కస్


కేంబ్రిడ్జి
1783 జూన్ 25

డోర్కస్,

నీ భాష క్షమిస్తున్నాను. డేల్‌ను క్షమించను. అనారోగ్యం మనిషిని వాగుడుకాయను చేస్తుంది.

అబద్ధం వద్దన్నావు, సరే. మూడు చర్చిలూ నాకే మొదట వచ్చిన మాట నిజం. మూడూ నేను వద్దన్న మాట నిజం. నీకు చెప్పకపోవడం నీ మీద దయతోనే. తెలిస్తే నువ్వు అర్థం చేసుకోలేవు, అది ఇప్పుడు రుజువైంది కూడా.

ఒక్క నిమిషం శాంతంగా ఆలోచించు. నా దగ్గరున్న ఆరువేల పుస్తకాల్లో మూడువందలు ఇంగ్లండులో ఇంకో ప్రతి లేనివి. వాటికి తేమ తగిలితే బూజు, బూజు పట్టిన తోలును ఎవరూ బాగుచేయలేరు. నువ్వు ఆగగలవు. అవి ఆగలేవు. ఈ రెంటిలో ఏది ముందు చూడాలో ఏ చదువుకున్నవాడైనా చెబుతాడు. నిన్ను వద్దనుకోలేదు. తగిన ఇల్లు దొరికాక నిన్ను తెచ్చుకుందామనే అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. పిల్లల మాట ఎత్తావు. నీ వయసుకి ఆ ప్రశ్న తనంతట తానే తీరిపోయింది, దాన్ని కదపడం వల్ల ఎవరికీ లాభం లేదు.

నువ్వు ఏడ్చి, కోపం తీర్చుకుని, మామూలు మనిషివి అయ్యాక ఆ మూడు సంపుటాలు పంపు. ముద్రణాలయం వాళ్ళు రెండుసార్లు అడిగారు.

అంబ్రోస్ కెర్బీ


స్వాఫమ్
1783 జూలై 14

అంబ్రోస్,

ఏడ్చాను. మూడు రోజులు, పని చేసుకుంటూనే. వదినకు ఏం చెప్పాలో తోచక ఉల్లిపాయలన్నాను. "అన్ని ఉల్లిపాయలు ఎక్కడివే మనింట్లో?" అంది. మామూలు మనిషిని కూడా అయ్యాను. ఇప్పుడు చెప్పేది మామూలు మనిషిగా చెబుతున్నాను, జాగ్రత్తగా చదువు.

డేల్ గారు ఫెన్‌స్టో వదిలి వెళ్ళిపోతున్నారు. ఆ నీటి ఊళ్ళో ఇంకో చలికాలం గడిపితే పిల్లలిద్దరికీ తండ్రి కూడా మిగలడని అన్నయ్యే చెప్పాడు. తల్లి ఎలాగూ నాలుగేళ్ళ క్రితమే పోయింది. సెప్టెంబరు చివర మైకేల్మస్ పండక్కి రాజీనామా చేసి బాత్ పట్టణంలో తమ్ముడింటికి చేరతారు. ఫెన్‌స్టో మళ్ళీ ఖాళీ. వరసలో మళ్ళీ నువ్వే.

అది తీసుకో.

చెప్పేది ఇంకా ఉంది. చర్చి తీసుకున్నాక కూడా ఒక ఏడాదిపాటు ఫెలోషిప్ అట్టే పెట్టుకోనిస్తారటగా మీ వాళ్ళు, నచ్చకపోతే వెనక్కి వెళ్ళిపోవచ్చట. నీకు అది వద్దు. చర్చి ఒప్పుకున్న రోజునే ఫెలోషిప్‌కి రాజీనామా రాసివ్వు. రెండు కాగితాలకీ నకళ్ళు, మీ కాలేజీ గుమాస్తా సంతకంతో, నాకు పంపు. అవి అందిన వారంలో ఇరవై రెండు పెట్టెలూ, ఒక్క కాగితం తగ్గకుండా, ఫెన్‌స్టో గుమ్మంలో దింపిస్తాను. ఆ మూడు సంపుటాలు కూడా, అక్కడికే. కేంబ్రిడ్జికి ఒక్కటి పంపను.

నీకిష్టం లేదంటే బలవంతం లేదు. క్రంప్ గారికి ఒక ఉత్తరం రాసిపెట్టుకున్నాను. అందులో ఆయన్ని స్వాఫమ్ వచ్చి, నా గదిలో కూచుని, తీరిగ్గా, ఎన్ని వారాలైనా ఆ అంచులు చదువుకోమని పిలిచాను. నకలు రాసుకోవడానికి కాగితం సిరా నేనే ఇస్తానన్నాను. ఇంకా టపాలో వేయలేదు. సెప్టెంబరు పదో తేదీ దాకా వేయను.

అన్నట్టు, నేను అవి తెరిచాను. చేతులు కడుక్కోలేదు. నువ్వన్నట్టే ఒక్క ముక్క అర్థం కాలేదు. కాని 1771 మే నెల తేదీ వేసిన పేజీలు చాలా కనిపించాయి. ఫెన్‌స్టో వద్దన్న నెల కదూ? బాగా సాగింది నీ పని ఆ నెల.

డోర్కస్


కేంబ్రిడ్జి
1783 జూలై 22

మిస్ వేల్ గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ఇంత నీచానికి దిగగలరని నేను కలలో కూడా అనుకోలేదు. మందులు అమ్మే ఇంట్లో పెరిగినవాళ్ళు విషం ఎంత మోతాదులో వేయాలో బాగా నేర్చుకుంటారని ఇప్పుడు అర్థమవుతోంది.

క్రంప్‌ని పిలవకండి. ఏం కావాలన్నా అడగండి, అది మాత్రం వద్దు. వాడు పొద్దున్నే మెట్ల మీద ఎదురై "స్వాఫమ్‌లో వాతావరణం ఎలా ఉంటుంది కెర్బీ?" అన్నాడు. ఏమీ తెలియకుండానే అని ఉంటాడు. నేను వెనక్కి తిరిగి గదిలోకి వచ్చేశాను.

ఫెన్‌స్టో కాకుండా ఇంకేదైనా చెప్పండి. వచ్చే ఏడాది లోపల వేరే చర్చి ఏది ఖాళీ అయినా కళ్ళు మూసుకుని తీసుకుంటానని ప్రమాణం చేస్తున్నాను. బైబిలు మీద రాసిస్తాను. ఆ ఇల్లు మాత్రం వద్దు. అది నది గట్టు కింద ఉంది. నేను చూశాను, నాకు తెలుసు.

మీ విధేయుడు
అంబ్రోస్ కెర్బీ


స్వాఫమ్
1783 జూలై 30

అంబ్రోస్,

ఫెన్‌స్టోనే.

డోర్కస్


కేంబ్రిడ్జి
1783 సెప్టెంబరు 6

మిస్ వేల్ గారికి,

రెండు కాగితాల నకళ్ళూ ఇందులోనే పెట్టాను. గుమాస్తా సంతకం ఉంది, చూసుకోండి. ఇరవై ఆరేళ్ళు తిన్న భోజనశాలలో నిన్న ఆఖరిసారి కూచున్నాను. ఎవరూ లేచి ఒక్క మాట మాట్లాడలేదు. క్రంప్ నా గదులు అడిగి తీసుకున్నాడు. నేనింకా పుస్తకాలు సర్దుతుండగానే వచ్చి కిటికీలకి కొలతలు తీసుకుంటున్నాడు.

మీరు గెలిచారు. ఇక మిగిలిన మర్యాదలు పాటిద్దాం. పెళ్ళికి తేదీ మీరే చెప్పండి. అక్టోబరు అయితే బాగుంటుంది. నా వైపునుంచి చుట్టాలంటూ ఎవరూ లేరు.

అంబ్రోస్ కెర్బీ


స్వాఫమ్
1783 సెప్టెంబరు 15

అంబ్రోస్,

కాగితాలు అందాయి. పెట్టెలు ఇవాళ బయలుదేరాయి, లిన్ రేవు దాకా బండి, అక్కడి నుంచి పడవ. ఇరవై రెండూ లెక్క చూసుకో. మూడు సంపుటాలూ ఏడో నంబరు పెట్టెలో నూనెగుడ్డలో ఉన్నాయి. ముందు నువ్వు వెళ్ళి ఇల్లు చూసుకో. మిగతాది తర్వాత.

గది ఖాళీ అయ్యాక గోడలు ఎంత దూరం జరిగాయో! మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపి తిరిగాను. వదిన తలుపు దగ్గర నుంచుని చూసి వెళ్ళిపోయింది.

డోర్కస్


ఫెన్‌స్టో
1783 అక్టోబరు 20

ప్రియమైన డోర్కస్,

ఈ మాట నీకు రాసి పదేళ్ళు దాటి ఉంటుంది.

పెట్టెలు క్షేమంగా చేరాయి. నువ్వు ఒక్కొక్క పుస్తకానికీ చుట్టిన గుడ్డ విప్పుతుంటే నాకు ఏదోలా అయింది. అవి నీ పాత గౌన్లవి. నీలం పూల గుడ్డ నాకు గుర్తుంది, మొదటిసారి మీ ఇంటికి వచ్చినప్పుడు నువ్వు వేసుకున్నది.

ఇల్లు నేను అనుకున్నంత చెడ్డగా లేదు, ఇంకా చెడ్డగా ఉంది. కింద గదుల్లో గోడల నుంచి నీళ్ళు కారుతున్నాయి. పైన ఒక్క గదే పొడిగా ఉంది, పొగగొట్టం ఆనుకుని ఉండటం వల్ల. మొదటి రెండు రోజులూ పెట్టెలన్నీ నేనే ఆ గదిలోకి మోశాను, మూడో రోజుకి నడుం పడిపోయింది. ఇక్కడ జుడిత్ అనే ముసలి పనిమనిషి ఉంది, డేల్ కాలం నుంచీ ఉంది. ఆవిడ మెట్ల కింద నుంచుని, "పైన పుస్తకాలు పెడుతున్నారా అయ్యగారూ? డేల్ అమ్మగారు, పాపం ఆ తల్లి, పిల్లల్ని పైన పడుకోబెట్టి తను కింద పడుకునేది. రెండో చలికాలానికే దగ్గు పట్టుకుంది. మరి మీ ఇల్లాలు ఎక్కడ పడుకుంటుంది?" అని అడిగింది.

నిన్న అన్నీ మళ్ళీ కిందికి దింపాను. నేనే దింపాను, డోర్కస్, ఒక్కొక్కటీ. బాజెల్ సంపుటాలు కూడా. నీ మంచం పైన వేయించాను. కిటికీకి తెర కూడా కట్టించాను, వంకరగా వచ్చింది, నువ్వు సరిచేసుకో. పుస్తకాలు కింద ఉన్నాయి. ఎన్నాళ్ళు నిలుస్తాయో తెలియదు. ముద్రణాలయానికి రాయాలి, ఇంకా రాయలేదు. రాయాలనిపించడం లేదు.

చర్చిలో మూడు ఆదివారాలు మన పేర్లు చదివాను. పాదిరీ తన పెళ్ళి ప్రకటన తనే చదువుకోవడం వీళ్ళకి కొత్త. మూడోసారి వెనక వరసలో ఒక ముసలామె "ఇప్పటికైనా!" అంది పైకే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అభ్యంతరం ఎవరూ చెప్పలేదు. స్వాఫమ్‌లో కూడా చదివించే ఉంటావు. సోమవారం పడవ పంపుతాను. నేను రేవులో ఉంటాను.

నేను నీకు చేసినదానికి క్షమాపణ అడగడం నాకు చేతకాదు. ఎప్పుడూ అడగలేదు, ఎలా అడుగుతారో తెలియదు. నువ్వు వచ్చాక నేర్పు.

నీ
అంబ్రోస్


స్వాఫమ్
1783 అక్టోబరు 25

అంబ్రోస్ గారికి,

మీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. చదివి ఏడ్చాను. ఈసారి వదిన ఉల్లిపాయల మాట ఎత్తకుండా నా వైపు కుర్చీ జరిపింది. ఇలాంటి ఉత్తరం ఒక్కటి, పదేళ్ళ క్రితం కాకపోతే అయిదేళ్ళ క్రితం, పోనీ ఈ ఏప్రిల్‌లో వచ్చి ఉంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చేదాన్ని. దక్షిణం కిటికీలు అక్కర్లేదు, గడ్డికప్పు కింద, నీళ్ళలో అయినా ఉండేదాన్ని. మీరు నన్ను ఒక్కసారి అడిగి ఉంటే ఫెన్‌స్టోకి 1771లోనే ఒప్పుకునేదాన్ని. నన్ను అడగనేలేదు మీరు.

ఇక్కడ చర్చిలో మన పేర్లు చదివించలేదు. చదివించను. పడవ పంపకండి.

నా ఉత్తరాలు మీ దగ్గర ఉంటే తీసి చూసుకోండి. పుస్తకాలు వస్తాయని రాశాను. నేను వస్తానని ఎక్కడా రాయలేదు. మీరు అడిగినప్పుడు కూడా జవాబు ఇవ్వలేదు. మీ దగ్గరే నేర్చుకున్నాను, దేని గురించి రాయకుండా ఉండాలో.

మీరు వెనక్కి వెళ్ళలేరని తెలుసు. మీ గదుల్లో క్రంప్ గారు ఉన్నారు, మీ కుర్చీలో ఇంకెవరో ఉన్నారు. అది నేను చూసి చూసి చేసిన పనే. తప్పు చేశానేమోనని మీ ఉత్తరం చదివాక ఒక గంట అనిపించింది. తర్వాత, డేల్ గారి భార్య చచ్చిపోతే తప్ప మీకు ఇల్లాలు ఎక్కడ పడుకుంటుందన్న ఆలోచన రాలేదు కదా అనుకున్నాను. అది కూడా ఎవరో ముసలామె అడిగితేనే.

నేనేదో సుఖపడతానని కాదు. నన్ను ఇంకెవరూ చేసుకోరు. ఈ ఇంట్లోనే ఉంటాను, గౌన్లు కుడతాను, మందులు నూరతాను, ఇంకో ఇరవై ఏళ్ళు వదిన మాటలు పడతాను. జనవరిలో నా గది పిల్లలకి కావాలట, నన్ను దుకాణం వెనక కొట్లోకి మారమన్నారు. మారతాను. మీ కోసం ఎదురుచూడటం లేదు, అంతే.

బెరడుపొడి నాలుగు సీసాలు ఇదే బండిలో పంపుతున్నాను. ఆ ఊరి జ్వరం నవంబరులో మొదలవుతుందని డేల్ గారు చెప్పారు. పొద్దున ఒక చెంచా, భోజనం తర్వాత ఒక చెంచా. చేదుగా ఉంటుంది, అయినా మానకండి.

ఆ పై గది ఊరికే ఖాళీగా ఉంచకండి. నా మంచం తీసేసి పుస్తకాలు పైకి చేర్చుకోండి.

డోర్కస్ వేల్